తలుపు వేసుకోవడం ఎందుకు? క్రైస్తవ ప్రార్థనలో ఏకాంతం

పుదుచ్చేరి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే సేక్రెడ్ హార్ట్ బసిలికా ఉంది. 1907లో పూర్తయిన ఈ గోథిక్ చర్చికి 2011లో బసిలికా హోదా దక్కింది. బయట ఆటోల హారన్లు, పర్యాటకుల సందడి. లోపల రంగుటద్దాల వెలుగు. పూజ లేని వేళల్లోనూ ఇలాంటి చర్చిలో ఒంటరిగా, మౌనంగా కూర్చునే విశ్వాసులు ఉంటారు. పాట లేదు, మైకు లేదు. అదీ ప్రార్థనే. కలిసి ఆరాధించడానికి అంత ప్రాధాన్యమిచ్చే మతంలో ఈ మౌనానికి విలువ ఎందుకు?

మూలం సువార్తల్లోనే ఉంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక సాయంత్రం ఊరంతా యేసు ఉన్న ఇంటి వాకిట గుమిగూడుతుంది. ఆయన రోగులను స్వస్థపరుస్తాడు. మర్నాడు చీకటితోనే లేచి, నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థిస్తాడు. అందరూ వెతుకుతున్నారని శిష్యులు చెబితే, వేరే ఊళ్లకు బయల్దేరతాడు. జనం, ఏకాంతం, మళ్లీ జనం. ఇదీ వరుస.

పుదుచ్చేరి చరిత్రలోనూ ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లు ఇక్కడి నుంచే తెలుగు నేలకు వచ్చారు. వారిలో ఒకరైన గాస్టన్ లారెంట్ కోర్దూ తెలుగు నేర్చుకుని, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చాడు. ఊళ్లు, భాషలు, జనంతో నిండిన జీవితం అది. అలాంటివారికీ ఏటా ఎనిమిది రోజులు మౌన ధ్యానంలో గడపాలన్నది జెస్యూట్ల నియమం. అదే శతాబ్దంలో ఇక్కడ స్థానిక స్త్రీల కోసం కార్మెల్ మఠం వెలిసింది. 1562లో స్పెయిన్‌లో ఆవిలా తెరెసా మొదలుపెట్టిన కార్మెల్ సంస్కరణలో రోజుకు రెండు గంటలు మౌన ప్రార్థన ఉంటుంది. అందరూ కలిసి కబుర్లు చెప్పుకునే వేళను కూడా ఆమె నియమంగానే పెట్టింది.

తెలుగు సంఘాల్లో ప్రార్థన అంటే ఎక్కువగా కలిసి చేసేదే: ఉపవాస కూడికలు, రాత్రి ప్రార్థనలు. కష్టంలో ఉన్నవారి పేరు పదిమంది నోట వినిపించడం చిన్న ఓదార్పు కాదు. అయితే వినేవాళ్లు ఉన్నప్పుడు మాట తెలియకుండానే వారికోసం తయారవుతుంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి సువార్తలో యేసు చెప్పింది అందుకే. ఎవరూ చూడనిచోట నటించాల్సిన పనిలేదు. మనలోని కోపం, అసూయ, భయం అప్పుడు బయటపడతాయి.

మరి వేసుకోవడానికి తలుపే లేని ఇళ్ల సంగతి? మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ తల్లి సుసన్నా, పిల్లలతో నిండిన ఇంట్లో ఏప్రాన్‌ను తలమీదకు లాక్కుని ప్రార్థించేదని చెబుతారు. పొయ్యి వెలిగించకముందే తలమీద కొంగు కప్పుకుని కూర్చునే మన తల్లులకు ఇది కొత్త కాదు. కానీ ఆ పావుగంట ఆమెకు దక్కాలంటే ఇంట్లో మరొకరు లేచి పాలు కాయాలి.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. మొదటిది మనం ఎంచుకునేది, మనుషుల దగ్గరకు తిరిగి పంపేది. రెండోది మనమీద పడేది. దుఃఖంలో ఉన్నవారికి ‘ప్రార్థించుకో’ అని చెప్పి తలుపు దగ్గరకు వేసి వచ్చేస్తే, వారికి మనం ఇచ్చింది ఏకాంతం కాదు. ముందు కాసేపు పక్కన కూర్చోవాలి.