ఒక్క వ్యాను, పన్నెండు మంది

పొద్దున తొమ్మిది గంటలకు పట్నంలో పెద్ద రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. వెళ్లే కార్లను చూడండి. ఎన్ని కార్లలో ఒక్క మనిషే ఉన్నాడో లెక్కపెట్టండి. నలుగురు కూర్చునే కారు. లోపల ఒక్కరే. వెనక పొగ.

ఆ పొగ ఎవరు పీలుస్తారు? రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే అక్క పీలుస్తుంది. బస్సు కోసం నిలబడ్డ తల్లి పీలుస్తుంది. ఆమె చంకలోని బిడ్డ కూడా పీలుస్తుంది.

పెట్రోలు, డీజిలు మండితే విషవాయువులు వస్తాయి. కంటికి కనిపించనంత సన్నని మసి వస్తుంది. అది ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. దగ్గు, ఆయాసం వస్తాయి. గుండెకూ చేటు. పిల్లలకు, గర్భిణీలకు మరీ హాని.

అమెరికా ఈ బాధ ఎప్పుడో పడింది. అక్కడ లాస్ ఏంజెలెస్ అనే మహానగరం ఉంది. 1943లో ఆ ఊరిని పొగ కమ్మేసింది. జనం కళ్లు మండాయి. అది యుద్ధకాలం. శత్రువులు విషవాయువు వదిలారేమోనని కొందరు భయపడ్డారు. కానీ అది శత్రువుల పని కాదు. వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ ఎండకు మారి అలా మండిస్తోందని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు.

మరి జనం పనికి పోకుండా ఉంటారా? ఉండలేరు. అందుకే కలిసి వెళ్లే దారి వెతికారు.

1973లో మిన్నెసోటా రాష్ట్రంలో త్రీ ఎం అనే కంపెనీ తన ఉద్యోగుల కోసం ఆరు వ్యాన్లు పెట్టింది. కార్లు నిలపడానికి అక్కడ చోటు చాలడం లేదు. రోడ్లూ కిక్కిరిసిపోయాయి. అదే ఏడాది చివర పెట్రోలుకు కరువొచ్చింది. ధర పెరిగింది. దాంతో మిగతా కంపెనీలూ ఈ దారి పట్టాయి.

1979లో సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో ప్రభుత్వ సంస్థే వ్యాన్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

అది ఎలా నడుస్తుంది?

ఒకే వైపు ఉండేవాళ్లు, ఒకే వైపు పనికి వెళ్లేవాళ్లు ఒక జట్టు కడతారు. సంస్థ వ్యాను ఇస్తుంది. పెట్రోలు, మరమ్మతు, బీమా ఖర్చు సంస్థ చూసుకుంటుంది. జట్టువాళ్లు నెలకింత అని కడతారు. జీతానికి డ్రైవరు ఉండడు. జట్టులో ఒకరే నడుపుతారు.

లెక్క చూడండి. పన్నెండు మంది విడివిడిగా వెళ్తే పన్నెండు కార్లు. కలిసి వెళ్తే ఒక్క వ్యాను. వ్యాను కారు కంటే ఎక్కువ పెట్రోలు తాగుతుంది, నిజమే. కానీ పన్నెండు కార్లంత తాగదు కదా! పొగ తగ్గుతుంది. డబ్బూ మిగులుతుంది.

"మధ్యాహ్నం బడి నుంచి కబురొస్తే? పిల్లకు జ్వరమంటే నేనెలా పోవాలి?" తల్లులకు ఈ భయం ఉంటుంది. అందుకే అక్కడ ఇంకో ఏర్పాటు చేశారు. అలాంటి అవసరం వస్తే టాక్సీలో ఇంటికి వెళ్లొచ్చు. ఆ ఖర్చు జట్టు మనిషి మీద పడదు. ఏడాదికి ఇన్నిసార్లు అని లెక్క ఉంటుంది.

అయితే ఇది అందరికీ కుదరదు. వేళ కాని వేళ పని చేసేవాళ్లకు కష్టం. వాళ్లకు బస్సులే కావాలి.

మనకు కలిసి వెళ్లడం కొత్త కాదు. షేర్ ఆటో ఎక్కుతాం. ఆర్టీసీ బస్సు ఎక్కుతాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సెక్కే మనిషి వంతు పొగ చాలా తక్కువ. కానీ బస్టాపులో నిలబడి అందరి పొగా పీల్చేది ఆమే. ఇది న్యాయమేనా?

ఒక్క మాట. కలిసి వెళ్లడం అంటే కుక్కుకుని వెళ్లడం కాదు. పత్తి తీతకు, మిరపకాయల కోతకు ఒక్కో ఆటోలో పది పదిహేను మంది వెళ్తారు. ఆటో బోల్తా పడితే ప్రాణాలు పోతాయి. ఆ వ్యాన్లలో ప్రతి మనిషికీ సీటుంది, బెల్టుంది. మనకూ అలాంటి బండి కావాలని అడగాలి. ఒక్కరు అడిగితే వినరు. సంఘమంతా అడిగితే వింటారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి:

మీ ఊరి నుంచి రోజూ ఎంత మంది ఒకే వైపు పనికి వెళ్తారు?

ఆ వేళకు బస్సు ఉందా? లేకపోతే డిపో మేనేజరుకు అర్జీ రాయండి. రాయడం ఇప్పుడు మీకు వచ్చు కదా!