బీటా హెచ్‌సీజీ రిపోర్ట్: ఒక్క నంబర్ చూసి కంగారొద్దు!

కిట్‌లో రెండు గీతలు కనిపించాక కొంతమందికి డాక్టర్లు ‘బీటా హెచ్‌సీజీ’ రక్తపరీక్ష రాస్తారు. సాయంత్రానికల్లా రిపోర్ట్ ఫోన్‌కి వచ్చేస్తుంది. అసలు టెన్షన్ అక్కడే మొదలు!

ఇంతకీ ఏంటీ హెచ్‌సీజీ? పిండం గర్భాశయానికి అతుక్కున్నాక, తర్వాత మాయగా మారే కణాలు విడుదల చేసే హార్మోన్ ఇది. ఉందో లేదో కిట్ చెబుతుంది, ఎంత ఉందో రక్తపరీక్ష చెబుతుంది. మామూలుగా 5 లోపు ఉంటే నెగెటివ్, 25 దాటితే పాజిటివ్. ఆ మధ్యలో ఉంటే మళ్లీ చేయించాల్సిందే.

చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కేస్తే, ఐదో వారంలో ఇది సుమారు 18 నుంచి 7,340 వరకు ఎంతైనా ఉండొచ్చు. అందుకే ఫ్రెండ్ రిపోర్ట్‌తో మన రిపోర్ట్ పోల్చుకోవడం దండగ. అండం నాలుగు రోజులు ఆలస్యంగా విడుదలైనా లెక్క మారిపోతుంది. మా ఆఫీసులో సర్వర్ ఒక్క రీడింగ్ చూసి ఎవరూ గాభరా పడరు, గ్రాఫ్ ఎటు పోతోందో చూస్తారు. ఇక్కడా అంతే. 48 గంటల తేడాతో రెండు పరీక్షలు, వీలైతే ఒకే ల్యాబ్‌లో.

నాకు మొదట 210 వచ్చింది. రెండు రోజులకి 370. “డబుల్ కావాలంటారు కదే?” అంది అక్క ఫోన్లో. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు డాక్టరమ్మ రిపోర్ట్ చూసి, “డబులే కావాలని రూలేం లేదమ్మా. 76 శాతం పెరిగింది, బానే ఉంది. అలాగని ఇప్పుడే స్వీట్లు పంచకు, స్కాన్ చూద్దాం” అన్నారు.

ఆవిడ మాట వెనక లెక్క ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం, మొదటి నంబర్ 1,500 లోపుంటే 48 గంటల్లో కనీసం 49 శాతం పెరగాలి. 1,500 నుంచి 3,000 మధ్య అయితే 40 శాతం, అంతకు మించితే 33 శాతం చాలు.

ఇంతకన్నా నెమ్మదిగా పెరిగితే గర్భం నిలవడం లేదనో, ట్యూబులో పెరుగుతోందనో అనుమానిస్తారు. అనుమానమే, తీర్పు కాదు. అలాగే బాగా పెరిగినంత మాత్రాన ట్యూబులో లేదని గ్యారంటీ కూడా లేదు. అది తేల్చేది స్కానే. నంబర్ 3,500 దాటినా గర్భాశయంలో సంచి కనిపించకపోతే డాక్టర్లు జాగ్రత్త పడతారు. నాకూ ఏడో వారం స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాకే మనసు కుదుటపడింది.

ఇంకో రెండు విషయాలు. ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య ఈ హార్మోన్ గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గుతుంది. అది మామూలే, భయపడొద్దు. పిల్లల కోసం ట్రీట్‌మెంట్‌లో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి కొన్నాళ్లు గర్భం లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టర్నే అడగండి.

పొత్తికడుపులో ఒకపక్క గట్టిగా నొప్పి, బ్లీడింగ్, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా రెండో రిపోర్ట్ కోసం ఆగొద్దు. అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.