సంపన్నుల శ్రమకు ప్రేరణ: ఆండ్రూ కార్నెగీ ఉదాహరణ

జీవనావసరాలకు మించిన సంపద సమకూరిన తరువాత కూడా మనిషి పనిని ఎందుకు కొనసాగిస్తాడన్నది అర్థశాస్త్రానికీ సమాజశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. పనిని కష్టంగా, ఆదాయాన్ని ఆ కష్టానికి ప్రతిఫలంగా భావిస్తే, సంపద పెరిగినకొద్దీ శ్రమ తగ్గాలి. సొంతంగా సంస్థలను నిర్మించినవారి విషయంలో ఈ సూత్రం తరచు నిలవదు. అమెరికా ఉక్కు పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ (1835-1919) జీవితం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. పని మానుకోవాలని ఆయన స్వయంగా సంకల్పించి, కాగితంపై రాసిపెట్టుకొని, ముప్పై ఏళ్లు దానిని పాటించలేదు.

1868 నాటి సంకల్పపత్రం

స్కాట్లండ్‌లోని ఒక చేనేత కుటుంబంలో పుట్టిన కార్నెగీ 1848లో అమెరికాకు వలస వెళ్లి, నూలు మిల్లులో కండెల పనికి కుదిరాడు. 33 ఏళ్లకే ధనవంతుడయ్యాడు. 1868 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో తన కోసమే ఒక పత్రం రాసుకున్నాడు. ఏడాదికి 50,000 డాలర్ల ఆదాయం చాలు. మిగిలినది సత్కార్యాలకు పోవాలి. 35వ ఏట వ్యాపారం విడిచిపెట్టాలి. ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడి చదువుకోవాలి. ధనార్జనలోనే మునిగితే తన వ్యక్తిత్వం దిగజారుతుందన్న భయం కూడా అందులో ఉంది. ఆ లెక్కన 1870 నాటికి ఆయన విరమించుకోవాలి. కాని బ్రాడక్‌లో ఆయన ప్రసిద్ధ ఉక్కు కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినదే 1875లో. చివరకు 1901లో, 65 ఏళ్ల వయసులో, సంస్థను 48 కోట్ల డాలర్లకు అమ్మి వైదొలిగాడు.

సంపద రూపం, శ్రమ స్వభావం

దీనిని కేవలం ధనదాహంగా కొట్టివేయడం తేలిక. అయితే కార్నెగీ లాభాలను భాగస్వాములకు విరివిగా పంచక, కొత్త కొలిమిలకూ యంత్రాలకూ మళ్లించాడు. టన్ను ఉక్కుకు ఎంత ఖర్చయిందన్నదే ఆయన నిత్యం అడిగిన లెక్క. అనుభవించడానికి దాచుకున్న సొమ్ము కాదది, నడుస్తున్న కర్మాగారం. దానిని వదలడమంటే విశ్రాంతి పొందడం కాదు, తన చేతిలోని సాధనాన్ని పోగొట్టుకోవడం. వ్యవస్థాపకుని ప్రేరణలలో సొంత సామ్రాజ్య స్వప్నాన్నీ, గెలుపు తపననూ, సృష్టించడంలోని ఆనందాన్నీ షుంపీటర్ 1911లో పేర్కొన్నాడు. మతపరమైన అర్థం తొలగిపోయిన ధనార్జన అమెరికాలో క్రీడాస్వభావాన్ని సంతరించుకుంటున్నదని వెబర్ అంతకు ముందే గమనించాడు. విరామాన్నే హోదా చిహ్నంగా చూసిన వెబ్లెన్ (1899) సిద్ధాంతం ఇక్కడ పాక్షికంగానే వర్తిస్తుంది.

అయితే 'పని' అనే మాటను జాగ్రత్తగా వాడాలి. కార్నెగీ పని ఉత్తరాలు రాయడం, ఖర్చుల పట్టికలు పరిశీలించడం. దీర్ఘకాల విహారాలకు అందులో అడ్డు లేదు. 1892 సమ్మె అణచివేతకు గురైన హోమ్‌స్టెడ్ కర్మాగారంలో మాత్రం పన్నెండు గంటల షిఫ్టులు నడిచాయి. ఎంచుకున్న శ్రమనూ, తప్పని శ్రమనూ ఒకే ప్రేరణతో వివరించబూనడం శాస్త్రీయం కాదు.

వారసత్వ పన్ను చర్చ

1889లో ప్రచురించిన వ్యాసంలో కార్నెగీ మరణానంతరం ఆస్తిపై భారీ పన్నును సమర్థించాడు. దానివల్ల వ్యాపారోత్సాహం తగ్గదని కూడా వాదించాడు. తన సంపదలో అత్యధిక భాగాన్ని తానే పంచాడు. 2,509 గ్రంథాలయాలకు నిధులిచ్చాడు. పెద్ద వారసత్వం పొందినవారు ఉద్యోగం మానే అవకాశం ఎక్కువని 1993లో అమెరికా అర్థశాస్త్రజ్ఞులు చూపిన అధ్యయనానికి 'కార్నెగీ ఊహ' అనే పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. మన దేశంలో 1953 నాటి ఎస్టేట్ సుంకం 1985లో రద్దయింది. దానిని పునరుద్ధరిస్తే పని చేయాలన్న ఉత్సాహం నశిస్తుందనే అభ్యంతరం, సంపదను నిర్మించిన తరానికి వర్తిస్తుందా, దానిని అందుకునే తరానికి వర్తిస్తుందా అన్నది విడివిడిగా పరీక్షించవలసిన అంశం.