కాలిన యిల్లు అమ్మునపుడు

అనంతపురపు మెట్టసీమలో వాన తప్పిన యేట నిల్లుకూడ కాలినచో, దొరకిన వెలకు దాని నమ్మి బెంగుళూరికి కూలికి పోవుటయే మార్గమని గృహిణికి తోచును. అట్టి తొందర వలదని సోదరీమణులకు మా మనవి.

ఈ సీమలోని పాత మిద్దెలకు రాతిగోడలు, దూలములపై చవుడుమట్టి కప్పు. కప్పు కూలినను నేల మిగులును. రాతిలో పెక్కుభాగము మిగులును. దూలము పైకి బొగ్గయినను లోపల గట్టిగ నుండవచ్చును. వడ్రంగిచే చెక్కించి చూడవలెను. నేలకు, రాతికి, కఱ్ఱకు వేఱువేఱుగ వెల కట్టించిన పిమ్మటనే బేరమునకు దిగవలెను.

దస్తావేజు కాలినదని దుఃఖింప నక్కఱలేదు. అది రిజిస్టరయినదైనచో, 1908 నాటి చట్టము ననుసరించి సబురిజిస్ట్రారు కచేరిలో నకలు దొరకును.

మసిపై సున్నము పూసి బీటలను దాచుట తగదు. కొనువారు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని ముఖ్యలోపమును అమ్మువారు తెలుపవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము విధించుచున్నది. చెప్పిన లోపము వెలను తగ్గించును. దాచిన లోపము వ్యాజ్యమును తెచ్చును.

తుదకొక్క మాట. హిందూ కుటుంబముల ఉమ్మడి పిత్రార్జితమున కూతురికిని కొడుకుతో సమానభాగమని 2005లో చట్టమైనది. కావున విక్రయపత్రమును చదివించుకొని, తన భాగపు సొమ్మెంతయో తెలిసికొనక, ఏ యాడుబిడ్డయు వ్రేలిముద్ర వేయరాదు. ఇల్లు కాలినను హక్కు కాలదు.