చెరువు నిండవలెనంటే వాగు బాగుండవలె



చెరువు సంగతి వరంగల్ వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. పాత వరంగల్ జిల్లాలోని పాకాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దంలో, కాకతి గణపతిదేవుని కాలాన కట్టినవి. నేటికీ వాటి కింద వరి పండుతున్నది. నేను చెప్పబోయేది చెరువుకు నీరు తెచ్చే వాగును, కట్టు కాలువను గురించి.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకు వచ్చినవి. తీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో చెలకలకు తోలుకున్నారు. మంచి పనే. అయితే నేను తిరిగే ఒక ఊళ్లో పూడిక తీసిన చెరువు, వానలు బాగా పడిన ఏడు కూడా సగమే నిండింది. నీరటికాణ్ణి వెంటబెట్టుకొని పైకి నడిచి చూస్తిని. కట్టు కాలువను మూడు చోట్ల దున్ని పత్తి పెట్టినారు! పెట్టినవారెవరో కాదు, ఆ ఆయకట్టు రైతుల అన్నదమ్ములే. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితేనే కింది చెరువుకు నీరు. ఒకచోట దారి మూసుకుంటే కింది ఊళ్లన్నీ ఎండవలసిందే.

కాబట్టి మృగశిర కార్తెకు ముందే ఊరంతా కలిసి కాలువ వెంట నడవండి. పూడిన చోట తీయండి. గట్టు మీది గడ్డిని, చెట్లను మాత్రం ముట్టవద్దు. యంత్రం వచ్చింది కదా అని అంతా గీకివేస్తే, మొదటి వానకే గట్టు కోసుకొని ఆ మన్ను చెరువులోకే చేరును.

ఇక వాగు ఆరోగ్యం. నీరు తేటగా ఉన్నంత మాత్రాన బాగున్నదనుకోరాదు. వరద తీసిన కొన్నాళ్లకు, పారే నీటిలో ఒక రాయిని ఎత్తి అడుగు చూడండి. రెండు మూడు సన్నని తోకలున్న చిన్న పురుగులు రకరకాలుగా కనబడితే నీటిలో ప్రాణవాయువు తగినంత ఉన్నట్లే. అడుగు బురదలో ఎర్రని సన్న పురుగులు తప్ప మరేమీ లేకపోతే గాలి చాలడం లేదన్నమాట. ఆ పురుగులు తక్కువ గాలితోనూ బ్రతుకగలవు. కొర్రమీను ఉన్నది కదా అందురేమో! అది పైకి వచ్చి గాలి పీల్చుకొనే చేప, దాని సాక్ష్యం చెల్లదు.

గాలి ఎందుకు తగ్గును? పొలంలోని ఎరువు వానకు కొట్టుకొని వచ్చి నాచును పెంచును. నాచు రాత్రిపూట ప్రాణవాయువును వాడుకొనును, చచ్చి కుళ్లినప్పుడు ఇంకా ఎక్కువ పోవును. చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచేది ఇందుకే. మబ్బు పట్టి పెద్దవాన వచ్చేట్లుంటే ఆనాడు యూరియా చల్లవద్దు. పొలానికీ వాగుకూ నడుమ రెండు బారల గడ్డి వదలండి. మందు కొట్టిన పంపును వాగులో కడగవద్దు, పొలంలోనే ఓ మూలన కడుగుకోండి.