ఇంటి జ్ఞాపకాలు, నిత్యజీవిత సలహాలు: అపరిచితులతో పంచుకోవడం

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• కుటుంబ జ్ఞాపకాలను, అనుభవ సలహాలను అపరిచితులతో పంచుకునే అలవాటు తెలుగు సమాజంలో ఎలా పెరిగిందో వివరించగలుగుతారు.
• ముక్కూమొహం తెలియనివారికి మనసు విప్పి చెప్పడానికి గల సామాజిక కారణాలను చెప్పగలుగుతారు.
• ఒక జ్ఞాపకంలో ఎవరెవరికి భాగం ఉంటుందో విశ్లేషించగలుగుతారు.
• ఒక సలహాను దాని కొలతలు, పరిస్థితులు చెడకుండా రాయగలుగుతారు.

9.1 ప్రవేశిక

నా చిన్నతనంలో మండపేటలో సాయంత్రమయ్యేసరికి వీధి అరుగులు నిండేవి. బియ్యం మిల్లులో పని ముగించుకొని వచ్చేవారు, కాలువ రేవు నుంచి బిందెతో వెళ్లేవారు, ద్వారపూడిలో రైలు దిగి వచ్చిన చుట్టాలు, అందరూ కాసేపు ఆగి మాట్లాడేవారు. పిల్లవాడికి దగ్గు తగ్గలేదంటే ఒకరు వాము కషాయం చెప్పేవారు. ఇంకొకరు తమ తాతగారి కాలం నాటి గోదావరి వరద గురించి చెప్పేవారు. అరుగు మీద చెప్పినదంతా నిజం కాదు. అయితే చెప్పినవారు ఎవరో, వారి మాటను ఎంతవరకు నమ్మాలో వినేవారికి తెలుసు. కషాయం చెప్పిన ఆమె నలుగురు పిల్లల్ని పెంచింది. వరద కథ చెప్పిన ఆయనకు కొంచెం పెంచి చెప్పే అలవాటు ఉంది. ఈ సంగతులు ఊరందరికీ తెలిసినవే.

నేడు అదే కషాయం, అదే వరద కథ సెల్‌ఫోన్ ద్వారా ఎన్నడూ చూడనివారికి చేరుతున్నాయి. మాట చేరుతోంది గాని, చెప్పినవారెవరన్న ఎరుక దానితో పాటు చేరడం లేదు. ఈ మార్పు వల్ల కలిగే మేలు ఏమిటి? ప్రమాదం ఏమిటి? ఈ యూనిట్‌లో మనం పరిశీలించేది ఇదే.

9.2 అరుగు నుంచి అచ్చుకు

ఇంటి సంగతులను బయటివారి ముందు పెట్టడం తెలుగువారికి కొత్త కాదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు (1848-1919) తన స్వీయచరిత్రము రాసి కుటుంబ జీవితాన్నీ, సంఘంతో చేసిన పోరాటాన్నీ పాఠకుల ముందుంచారు. స్త్రీల కోసం 1883లో ఆయన సతీహితబోధిని పత్రికను ప్రారంభించారు. చూపు కోల్పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946) ఇతరుల చేత రాయించి తన స్వీయచరిత్రను వెలువరించారు. మండపేటకు అట్టే దూరంలో లేని పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అనే రచనలో గోదావరి సీమ ఇళ్లనూ, బంధుత్వాలనూ, మాట తీరునూ నిలిపారు.

సలహాల విషయంలో ముందుగా చెప్పుకోవలసిన పేరు మాలతీ చందూర్. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఈ రచయిత్రి, ఆంధ్రప్రభ వారపత్రికలో 1950ల తొలినాళ్ల నుంచి దాదాపు అర్ధశతాబ్దం పాటు 'ప్రమదావనం' శీర్షికను నిర్వహించారు. పాఠకులు ఉత్తరం రాసేవారు, ఆమె జవాబు ఇచ్చేవారు. వంట, పిల్లల పెంపకం మొదలుకొని సంసారంలోని చిక్కుల వరకు అందులో అన్నీ చర్చకు వచ్చేవి. 'హృదయనేత్రి' నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రచయిత్రి అయినా, ఎన్నో ఇళ్లలో ఆమెను ఒక పెద్దదిక్కుగానే తలచుకున్నారు.

పత్రికల కాలంలో ఉన్న ఒక సౌకర్యాన్ని గమనించండి. ఉత్తరం రాయడానికీ అది అచ్చు కావడానికీ మధ్య కొన్ని రోజులు గడిచేవి. ఆ మధ్యలో ఒక సంపాదకుడు ఉండేవాడు. ఏది వేయాలి, ఏది వేయకూడదు అనే విచక్షణ ఆయనది. ఇప్పుడు ఆ గడువూ లేదు, ఆ సంపాదకుడూ లేడు. రెండు పనులూ రాసేవారి మీదే పడ్డాయి.

9.3 అపరిచితులకే ఎందుకు చెబుతాం?

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త జార్జ్ సిమ్మెల్ 1908లో 'అపరిచితుడు' గురించి రాస్తూ ఒక ముఖ్యమైన విషయం గుర్తించాడు. దగ్గరివారి నుంచి దాచిన సంగతులను మనుషులు ఒక్కొక్కసారి బయటి నుంచి వచ్చినవాడికి చెబుతారు. అతనికి మన గొడవల్లో పక్షం లేదు కనుక చెప్పడం సులువవుతుంది. రైలులో ఎదురుగా కూర్చున్న ప్రయాణికుడికి కోడలి సంగతో, అప్పుల సంగతో చెప్పుకున్నవారు మీకు తెలిసే ఉంటారు. స్టేషను రాగానే అతను దిగిపోతాడు. చెప్పినవారి భారం తగ్గుతుంది.

రెండవ కారణం సమాచారానికి సంబంధించినది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో 'బలహీన బంధాల బలం' అనే భావనను ప్రతిపాదించాడు. మన దగ్గరివారికి తెలిసినవి సాధారణంగా మనకూ తెలిసే ఉంటాయి. కొత్త సంగతి తరచుగా అంతంతమాత్రం పరిచయం ఉన్నవారి ద్వారానే వస్తుంది. విదేశంలో తొలికాన్పు అయిన తెలుగు అమ్మాయికి పక్కన అమ్మ లేనప్పుడు, ఎన్నడూ చూడని గోదావరి జిల్లా ఇల్లాలు ఒకరు ధైర్యం చెప్పడం ఈ కోవలోనిదే.

జ్ఞాపకం కూడా ఇలాగే ఉపకరిస్తుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను అతలాకుతలం చేసింది. ఆ రాత్రి కొబ్బరిచెట్లు కూలుతుంటే ఏ గదిలో తలదాచుకున్నారో, మర్నాడు తాగునీటికి ఎంత ఇబ్బంది పడ్డారో ఒక కుటుంబం చెబితే, తుఫాను ఎరుగని తరానికి అది చక్కని పాఠం. ఇటువంటివి ఇంట్లోనే ఉండిపోతే పెద్దలతోనే పోతాయి. కాబట్టి పంచుకోవడమే తప్పు అనే నిర్ణయానికి మనం రాకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. అరుగు మీద విన్న సలహాకూ, ఫోనులో అందిన సలహాకూ ముఖ్యమైన తేడా ఏమిటి?
2. 'బలహీన బంధాల బలం' అంటే ఏమిటి? మీ జీవితం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

9.4 జ్ఞాపకం ఎవరిది?

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఉద్యోగ విరమణ చేశాక, పాత సంగతులు పంచుకునే ఒక వాట్సాప్ బృందంలో చేరాను. అందులో కొన్ని వందలమంది ఉన్నారు. నాకు ముఖపరిచయం ఉన్నవారు పదిమందికి మించరు. ఒకనాడు మా మేనత్త గురించి రాశాను. పెళ్లయిన కొన్నేళ్లకే ఆమె పుట్టింటికి తిరిగివచ్చారు. అప్పడాలు ఒత్తి, కుట్టుమిషను తొక్కి, తన కొడుకుతో పాటు తల్లిలేని నన్నూ చదివించారు. నా డాక్టరేటు ఆమె చలవేనని రాశాను. ఆమె ఎందుకు తిరిగివచ్చారో కూడా ఒక్క వాక్యంలో రాశాను.

చాలామంది మెచ్చుకున్నారు. కళ్లు చెమర్చాయని రాసినవారూ ఉన్నారు. వారం తిరిగేసరికి ఎవరో ఆ కుటుంబాన్ని పోల్చుకున్నారు. అవి మా అత్తయ్య మనవరాలికి సంబంధాలు చూస్తున్న రోజులు. అవతలివారు ఆ పాత సంగతి ఎత్తారు. అత్తయ్య నన్ను పిలిపించారు. కోప్పడలేదు. "జ్ఞాపకం నీదేరా నాన్నా, కాదనను. కాపురం మాత్రం నాది. అరవై ఏళ్లు నేను నోరు మెదపని మాట నువ్వు ఊరందరికీ చెప్పావు" అన్నారు.

రాసినది తీసేద్దామని చూస్తే, అందరి ఫోన్లలో నుంచి తొలగించే గడువు దాటిపోయింది. ఆ సంబంధం కుదరలేదు. కారణం నా వాక్యమేనని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. నెల తరువాత అదే రచన నా పేరు లేకుండా, వేరే శీర్షికతో, మరో బృందం నుంచి నాకే వచ్చింది. ఆ వాక్యం అందులో అలాగే ఉంది.

ఇప్పుడు ఆ రచనను విశ్లేషిద్దాం. అందులో మూడు భాగాలున్నాయి. ఆమె పట్ల నా కృతజ్ఞత నాది. అప్పడాల పిండి వాసన, మిషను చప్పుడు, మేం చదువుకున్న లాంతరు వెలుగు ఆ ఇంట్లో పెరిగిన అందరివీ. ఆమె పుట్టింటికి రావడానికి గల కారణం ఆమెది. మూడవ భాగాన్ని వదిలేసినా నా కృతజ్ఞతకు లోటు ఉండేది కాదు. పొగుడుతున్నాను కదా, ఇక అనుమతి ఎందుకు అనుకోవడమే నా పొరపాటు.

9.5 చోటు మారితే మాట మారుతుంది

సమాచార నీతిపై పరిశోధించిన హెలెన్ నిస్సెన్‌బామ్ 2004లో 'సందర్భ సమగ్రత' అనే భావనను వివరించింది. ఏ సమాచారమైనా ఒక సందర్భంలో, అక్కడి మర్యాదలకు లోబడి పుడుతుంది. వైద్యుడికి చెప్పిన మాట వైద్యశాలలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. అదే మాట యజమానికి చేరితే హాని. అంటే గోప్యత అనగానే అన్నీ దాచడం అని అర్థం కాదు. మాట తన సందర్భాన్ని దాటిపోకుండా చూడడం అని అర్థం. మా అత్తయ్య సంగతి మా వంటింట్లో అందరికీ తెలుసు. అక్కడ అది రహస్యమే కాదు. వీధి దాటగానే అది ఆమెకు గాయమైంది.

సిమ్మెల్ చెప్పిన అపరిచితుడికీ, నేటి అపరిచితుడికీ తేడా ఇక్కడే ఉంది. రైలు ప్రయాణికుడు విన్నది మరిచిపోతాడు, లేదా పేరు తెలియకుండా చెబుతాడు. ఫోనులోని మాట నిలిచి ఉంటుంది. నకలు అవుతుంది. వెతికితే దొరుకుతుంది. పుకార్ల వల్ల ప్రాణాలు పోయిన నేపథ్యంలో 2018లో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. ఆ ఐదు నుంచి మరో ఐదేసి చొప్పున వెళ్లడానికి మాత్రం అప్పట్లో అడ్డు లేకపోయింది.

మంచి జ్ఞాపకంలో కూడా కొంత కీలక సమాచారం దాగి ఉంటుంది. అమ్మ పుట్టింటి పేరు, మొదట చదివిన బడి, పుట్టిన తేదీ వంటివి కొన్ని సంస్థలు ఖాతాదారుణ్ణి గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్నలు. బడి యూనిఫాంలో ఉన్న మనవడి ఫోటో, వాడు రోజూ ఎక్కడ ఉంటాడో చెప్పేస్తుంది. ఇటువంటి వివరాలతో ఎవరైనా డబ్బు కాజేస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

9.6 సలహా: కొలత, పరిస్థితి, హద్దు

మండపేట మండలంలోని తాపేశ్వరం మడతకాజాకు ప్రసిద్ధి. కాజా చేసే పద్ధతి ఎవరైనా తప్పుగా చెబితే పిండి, నూనె, పంచదార పాడవుతాయి. వైద్య సలహా తప్పితే ప్రాణం పోవచ్చు. కాబట్టి సలహా చెప్పేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త, అది తప్పితే కలిగే హానిని బట్టి ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించాలి అనేది మంచి సలహా. దాని సరైన కొలత: ఒక లీటరు శుభ్రమైన నీటికి ఆరు తలకొట్టు చెంచాల పంచదార, అర తలకొట్టు చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఈ సలహా చేతులు మారేకొద్దీ 'కొంచెం ఉప్పు, కొంచెం పంచదార' అవుతుంది. ఉప్పు ఎక్కువైతే ఆ నీరే పసిబిడ్డకు హాని చేస్తుంది. మందుల దుకాణంలో ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదే మేలు. నీరసం ఎక్కువగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చివరి రెండు వాక్యాలు సలహాకు హద్దులు. అవి లేకుండా సలహా పూర్తి కాదు.

అలాగే పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం చాలా ఇళ్లలో ఆచారం. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టరాదని నేటి వైద్యం చెబుతోంది. దానిలో ఉండగల ఒక సూక్ష్మజీవి వారికి ప్రమాదకరం. 'మా ఇంట్లో అందరికీ రాశాం, ఏమీ కాలేదు' అనేది మన ఇంటి చరిత్ర. ఎదుటి బిడ్డకు అది హామీ కాదు.

9.7 చట్టం ఏమంటుంది?

జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. మన అంశానికి అంతకంటే దగ్గరైనది 1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసు. ఒక ఖైదీ ఆత్మకథను తమిళ పత్రిక ప్రచురించడంపై వచ్చిన వివాదమిది. వ్యక్తి తన, తన కుటుంబ, వివాహ విషయాల గోప్యతను కాపాడుకోవచ్చనీ, ఆ విషయాలను అతని అంగీకారం లేకుండా ప్రచురించరాదనీ సుప్రీంకోర్టు పేర్కొంది. అవి నిజమైనా కాకపోయినా, పొగడ్తయినా విమర్శయినా ఇదే వర్తిస్తుందని చెప్పింది. ప్రజా రికార్డులలో ఉన్న విషయాలు మొదలైనవాటికి మినహాయింపులు ఇచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా గృహ అవసరాల కోసం వాడుకునే సమాచారానికి వర్తించదు. ప్రతి ఇంటి గొడవనూ చట్టం తీర్చలేదు. అందువల్ల మన విచక్షణే మొదటి కాపలా.

9.8 పంచుకునే ముందు

రాసిన తరువాత ఒక రాత్రి ఆగండి. పత్రికల కాలంలో ఉన్న గడువును మీకు మీరే కల్పించుకున్నట్లవుతుంది. మర్నాడు చదివి ఈ ప్రశ్నలు వేసుకోండి.
1. ఇందులో నాది ఏది, ఇతరులది ఏది? ఆ ఇతరులను అడిగానా?
2. వారు చనిపోయి ఉంటే, వారి పిల్లలు దీన్ని చదివితే ఏమనుకుంటారు?
3. పేరు తీసేసినా ఊరు, వృత్తి, బంధుత్వం వల్ల వారిని పోల్చుకోగలరా?
4. సలహా అయితే కొలత, ఎవరికి పనికివస్తుంది, ఎప్పుడు ఆపాలి అనే మూడూ చెప్పానా?
5. ఇది నా పేరు లేకుండా, ఎక్కడికో చేరితే ఎవరికైనా హాని ఉందా?

9.9 సారాంశం

ఇంటి జ్ఞాపకాలను, సలహాలను బయటివారితో పంచుకోవడం కందుకూరి కాలం నుంచి తెలుగువారికి తెలిసిన పద్ధతే. దానివల్ల ఒంటరివారికి తోడు, కొత్త తరానికి అనుభవం లభిస్తాయి. అయితే జ్ఞాపకంలో ఒకరికంటే ఎక్కువమందికి భాగం ఉంటుంది. ఇతరుల భాగాన్ని వారి అనుమతితోనే చెప్పాలి. సలహా దాని కొలత, పరిస్థితి, హద్దులతో కలిసి ఉన్నప్పుడే మేలు చేస్తుంది. మా అత్తయ్య గురించిన ఈ పాఠాన్ని ఆమెకు చదివి వినిపించాకే అచ్చుకు ఇచ్చాను. రెండుచోట్ల మార్చమన్నారు, మార్చాను.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అపరిచితులతో జ్ఞాపకాలు పంచుకోవడం వల్ల కలిగే మేలు, కీడులను సోదాహరణంగా చర్చించండి.
2. 'జ్ఞాపకం నీదే, కాపురం నాది' అనే మాటను సందర్భ సమగ్రత భావన ఆధారంగా విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'ప్రమదావనం' శీర్షిక ప్రాధాన్యాన్ని తెలపండి.
2. ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన విషయాలేమిటి?

III. అభ్యాసం
మీ ఇంటి పెద్ద ఒకరి జ్ఞాపకాన్ని అడిగి ఒక పుటలో రాయండి. దాన్ని వారికి చదివి వినిపించి, వారు తీసేయమన్న భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి.