కార్డు మీది గీతలు ఏమి చెబుతాయి?



ఒక మిరప కోతల కాలంలో, ఒకే ఉదయం ఇద్దరు మగపిల్లలు మన పిల్లల ఓ.పి.కి వచ్చారు. ఇద్దరికీ ఏడాది నిండింది. మొదటివాడి బరువు 8.2 కిలోలు. "పక్కింటి పిల్లోడు పది కిలోలున్నాడు సిస్టరమ్మా, మావాడికేం రోగమో చూడండి" అని వాడి నాయనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికే రెండు డబ్బాల పొడి కొని పట్టారట. రెండోవాడు 8.7 కిలోలు. వాళ్లమ్మ కోతకు పోవాలని తొందరలో ఉంది. కార్డులో ఇద్దరి చుక్కలూ ఆకుపచ్చలోనే పడ్డాయి. మేము నాయనమ్మతో అరగంట మాట్లాడి, రెండోవాడిని రెండు నిమిషాల్లో పంపేశాము.

నెల తిరిగేసరికి ఆ రెండోవాడే విరేచనాలతో కళ్లు లోతుకుపోయి వార్డులో చేరాడు. ఒంట్లో నీరు పట్టి తేరుకున్నాక తూచినా 7.8 కిలోలే. చుక్క పసుపులోకి జారింది.

ఆ రోజు మేము ఎక్కడ పొరబడ్డామో తెలియాలంటే ఆ గీతల సంగతి తెలియాలి. కొంచెం లెక్క ఉంది, భయపడకండి.

ఆరోగ్యంగా పెరిగిన రెండేళ్ల మగపిల్లలను వేయిమందిని కొలిచి, ఒకే ఎత్తువారిని ఒకే వరుసలో నిలబెట్టామనుకోండి. సుమారు 87 సెంటీమీటర్ల దగ్గర వరుసలు పొడుగ్గా ఉంటాయి. అటూ ఇటూ పోయేకొద్దీ పలచబడతాయి. మేడమీది నుండి చూస్తే చర్చి గంట ఆకారం కనబడుతుంది. దీనినే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అంటారు.

గంట వెడల్పా, సన్నమా అని చెప్పే కొలతే ప్రామాణిక విచలనం. మనం దానిని మెట్టు అందాము. సగటు ఒక్కటే తెలిస్తే చాలదు. ఒక అంగన్‌వాడీలో అయిదుగురు పిల్లలు 7, 8, 9, 10, 11 కిలోలు, మరొకచోట అయిదుగురూ తొమ్మిదికి అటూ ఇటూ కొద్ది గ్రాముల తేడాలో ఉన్నారనుకుందాము. సగటు రెండుచోట్లా 9 కిలోలే. మొదటిచోట సగటు నుండి తేడాలు 2, 1, 0, 1, 2. వాటి వర్గాలు కలిపితే 10, అయిదుతో భాగిస్తే 2, దాని వర్గమూలం సుమారు 1.4. అదే అక్కడి మెట్టు. రెండోచోట మెట్టు చాలా చిన్నది.

రెండేళ్ల మగపిల్లల ఎత్తులో మెట్టు సుమారు 3 సెంటీమీటర్లు. నడిమి నుండి ఒక మెట్టు లోపల, అంటే 84 నుండి 90 వరకు, నూటికి 68 మంది ఉంటారు. రెండు మెట్ల లోపల 95 మంది. రెండు మెట్లకంటె కింద ఉండేది నూటికి ఇద్దరు ముగ్గురే. మూడు మెట్ల కిందికి వేయికి ఒకరు. కార్డులో పసుపు రంగు రెండో మెట్టు కింద, నారింజ రంగు మూడో మెట్టు కింద మొదలవుతాయి. (బరువు గంట కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దానిని లెక్కలో సరిచేసే గీతలు గీశారు.) ఏడాది మగబిడ్డకు నడిమి బరువు 9.6 కిలోలు, పసుపు 7.7 కింద, నారింజ 6.9 కింద.

కాబట్టి నడిమి గీత పాసు మార్కు కాదు. ఆరోగ్యవంతులైన పిల్లలలో సగంమంది దాని కిందే ఉంటారు. ఆ మొదటి బాబు పుట్టినప్పటి నుండి నడిమికి సుమారు ఒకటిన్నర మెట్లు దిగువన తన దారిలో తాను పెరుగుతున్నాడు. వాడికి పొడి డబ్బాలు అవసరం లేదు. రెండోవాడు తొమ్మిదో నెలలో 8.9, అంటే సరిగ్గా నడిమి గీత మీద ఉన్నాడు. మూడు నెలల్లో పెరగకపోగా 200 గ్రాములు తగ్గి దాదాపు ఒక మెట్టు దిగిపోయాడు. రంగు మారలేదు గనుక మేము గమనించలేదు. తల్లి పొద్దున్నే చేలోకి పోతే, వాడిని ఆరేళ్ల అక్క ఎత్తుకునేదట.

"మా వంశమే పొట్టి సిస్టరుగారూ" అనే మాట కూడా తరచు వింటాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గీతల కోసం 1997 నుండి 2003 వరకు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను కొలిచి, 2006లో ప్రకటించింది. మన దేశం నుండి ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత ఉన్నచోట అయిదేళ్ల లోపు పిల్లలు అన్ని దేశాలలోనూ దాదాపు ఒకేలా పెరిగారు. ఒక బిడ్డ పొట్టిగా ఉంటే వంశం కావచ్చు. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లలు నూటికి 31 మంది ఎత్తులో రెండో మెట్టు కింద ఉన్నారు. ఉండవలసింది ఇద్దరు ముగ్గురు! ఇంతమందిది వంశం కాదు.

బరువు తూచేటప్పుడు చొక్కా, గజ్జెలు తీయించండి. చిన్నబిడ్డకు వంద గ్రాములు కూడా లెక్కే. కర్నూలు వైపు నుండి మిరప కోతలకు, పత్తి తీతలకు వచ్చే కుటుంబాలు కార్డును ఊళ్లో పెట్టి వస్తున్నారు. పాత చుక్కలు లేకపోతే బిడ్డ ఎక్కుతున్నాడో దిగుతున్నాడో మాకు తెలియదు. దయచేసి వెంట తెచ్చుకోండి. పోతే కొత్త కార్డు మీద మొదటి చుక్క మేమే పెడతాము. మరుసటి నెల మళ్లీ రండి.

ఆ బాబు తల్లి ఉగాది తరువాత తమ ఊరు వెళ్లింది. వెళ్లేనాటికి వాడు 8.3 కిలోలు. ఇంకా తన పాత దారికి చేరలేదు.